ఫోనులో చూసి సరే అనకండి: క్యాటలాగు అచ్చుపై అపోహలు - వాస్తవాలు

నిన్న సాయంత్రం మళ్లీ అదే మాట విన్నాను. "మేడమ్, పీడీఎఫ్ ఫోనులో చూశాను. చాలా బాగుంది. ఇక ప్రెస్సుకు పంపించండి." ఒంగోలులో 14 ఏళ్లుగా క్యాటలాగులు డిజైన్ చేసి అచ్చు వేయించి ఇస్తున్నాను. నా దగ్గరకు వచ్చే వ్యాపారులు ఈ ఒక్క నమ్మకం వల్ల పోగొట్టుకున్నంత డబ్బు మరి దేనివల్లా పోగొట్టుకోలేదు. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఫోనులో బాగుంటే అచ్చులోనూ బాగుంటుంది.

వాస్తవం: ఫోను తెర తానే వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిసి రంగు పుడుతుంది. ప్రెస్సులో అదే రంగును సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు ఇంకుల చుక్కలతో తేవాలి. తెర మీద ధగధగలాడే నీలాలు, ఆకుపచ్చలు చాలావరకు ఆ నాలుగు ఇంకులకు అందవు. మెషీను ఎంత ఖరీదైనదైనా అంతే. పైగా మీ ఫోనులో ఒక రంగు, మీ భాగస్వామి ఫోనులో మరో రంగు. ఇద్దరిలో ఎవరు చూసిన దానిని ప్రెస్సువాళ్లు అందుకోవాలి?

మన వైపు ఈ దెబ్బ ఎక్కువగా గ్రానైటు వాళ్లకే తగులుతోంది. చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు అందమంతా నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ రేణువుల్లోనే ఉంది. తెర మీద నలుపు అంటే వెలుగు లేకపోవడమే కాబట్టి ఆ చుక్కలు దీపాల్లా కనిపిస్తాయి. కాగితం మీద మాత్రం నలుపును ఇంకుతో వేయాలి. నల్ల ఇంకు ఒక్కటే వేస్తే పేజీ బొగ్గుపొడి పూసినట్టు వెలిసిపోయి ఉంటుంది. దానికి సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40 శాతం తోడైతే లోతు వస్తుంది. అలాగని నాలుగూ నూటికి నూరు పెడితే ఇంకు సరిగా ఆరక, మరక పక్క కాగితానికి అంటుకుంటుంది. ఆర్ట్ పేపరు, అంటే నున్నటి పూత ఉన్న కాగితం మీద నాలుగూ కలిపి 300 శాతం దాటనివ్వను. స్టీల్ గ్రే అనే బూడిద రంగు గ్రానైటు ఇంకా మొండిది. బూడిద రంగులో ఏ ఒక్క ఇంకు కాస్త హెచ్చినా రాయి నీలంగానో గులాబీగానో మారిపోతుంది.

కొన్నేళ్ల కిందట చీమకుర్తి నుంచి ఒక కుర్రాడు రెండు అట్టపెట్టెలు కారులో వేసుకుని వచ్చాడు. వేరే ఊళ్లో వేయించుకున్న 24 పేజీల క్యాటలాగు, వెయ్యి కాపీలు. బెంగళూరులో జరిగే రాళ్ల వ్యాపార ప్రదర్శన స్టోనాకు నాలుగు రోజులే ఉంది. ఒక కాపీ తెరిచి, జేబులోంచి పాలిష్ చేసిన శాంపిల్ ముక్క తీసి పక్కన పెట్టాడు. స్టీల్ గ్రే పేజీ నీలంగా ఉంది. గెలాక్సీ పేజీలో బంగారు చుక్కలు దుమ్ము పడినట్టు ఉన్నాయి. "మేడమ్, నేనే ఫోనులో చూసి సరే అన్నాను. నాన్నకు ఇంకా చెప్పలేదు" అన్నాడు. గొంతు వణుకుతోంది. ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా, కాగితం మీద చూసుకోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

రాళ్ల పేజీలు ఎనిమిదింటిని మళ్లీ సరిచేసి, ప్రదర్శనకు సరిపడా 200 కాపీలు డిజిటల్‌లో వేయించి, విడి బుక్‌లెట్‌గా ఇచ్చాను. మిగతావి గోదాములోనే ఉండిపోయాయి. వాటిని పంచి ఉంటే ఇంకా నష్టమయ్యేది. క్యాటలాగులో నీలం చూసి ఆర్డరు ఇచ్చిన కొనుగోలుదారు, కంటైనరు దిగాక బూడిద రంగు చూసి సరుకు వద్దంటే ఎవరు భరిస్తారు?

ఫోటోల సంగతీ ఇందులో భాగమే. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫోటోలు నాకు ఎక్కువగా పొడవు వైపు 1600 పిక్సెళ్లతో అందుతాయి. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఆ ఫోటో అయిదు అంగుళాల మీద కాస్తే వస్తుంది. ఏ4 పేజీ నిండా వేయాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు ఉండాలి. ఫోనులో స్పష్టంగానే ఉందిగా అంటారు, ఫోను తెర అరచేయంతే కదా. ఫోటోను డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేయించండి అని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం. అది లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. గ్రానైటు ఫోటోలో అలా చేస్తే, రాతిలో లేని చుక్కలను ఉన్నట్టు చూపించి అమ్మడమే అవుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) కాగితం బరువును చెబుతుంది, నాణ్యతను కాదు. లోపలి పేజీలకు 130, అట్టకు 300 చాలామందికి సరిపోతుంది. సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, 22 పేజీలు కుదరవు. "శివకాశిలో సగం ధరకే వేస్తారట" అని వచ్చేవాళ్లు ఏ కాగితానికి, ఎన్ని కాపీలకు, లామినేషన్‌తోనా లేకుండానా అన్నది చెప్పలేరు. ఆ మూడూ రాసి ఉన్న కొటేషన్ తెండి, అప్పుడు పోల్చి చూద్దాం.

వెయ్యి కాపీలకు తక్కువైతే ఎవరూ వేయరన్నదీ ఉత్త పుకారే. ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఒక పెద్దావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. "అమ్మా, మాకు యాభై చాలు. అంత తక్కువ అడిగితే కోప్పడతారేమో" అన్నారు. ఎందుకమ్మా కోపం? ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో అచ్చు వేసే పద్ధతిలో, నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయాలి కాబట్టి ఆ ఖర్చు యాభై కాపీల మీద పడితే భారమవుతుంది. డిజిటల్‌లో ప్లేట్లే ఉండవు. ఎనిమిది పేజీలతో యాభై వేయించి ఇచ్చాను. ఆవిడ తెచ్చిన గరిటెలను కిటికీ పక్కన పెట్టి నేనే ఫోటోలు తీశాను. ఆ చెక్క రంగు కాగితం మీదకు వచ్చేసరికి మూడు ప్రూఫులయ్యాయి. మూడోసారి ఆవిడ గరిటెను పేజీ మీద ఆనించి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టారు.

ప్రూఫు అంటే ఆఫీసు ప్రింటరులో తీసిన కాగితం కాదు. పుస్తకానికి వాడబోయే కాగితం మీదే, రంగులు సరిచూసిన మెషీనులో తీసి చూడాలి. ప్రూఫు చూడటానికి వచ్చేటప్పుడు మీ సరుకు వెంట తెచ్చుకోండి, రాయైనా, చెక్కైనా, చీరైనా సరే. ఉదయం పదికల్లా రండి. ట్యూబులైటు కింద కాదు, వరండాలో పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూద్దాం. రావడం కుదరకపోతే ప్రూఫును బస్సులో పార్సిల్ వేస్తాను. మీ సంతకంతో అది తిరిగి వచ్చేదాకా ప్లేట్లు చేయించను.