ఆకు చాటున ఆగిపోయిన ఎరుపు

చెట్టు మీద రంగు తిరుగుతున్న ఆపిల్‌కు ఆకు అతుక్కుని ఉంటే, దాన్ని తొలగించి చూడండి. అచ్చం ఆ ఆకు ఆకారంలోనే పసుపు మచ్చ కనిపిస్తుంది. చుట్టూ ఎరుపే. తొక్క అంతటా ఉన్నవి అవే జన్యువులు. తేడా అల్లా ఎండ తగలడంలోనే.

ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకానిది. తొక్క పైపొరల కణాల్లో కరిగి ఉంటుంది. దాన్ని తయారు చేయడానికి ఒకదాని తర్వాత ఒకటిగా చాలా ఎంజైములు పనిచేయాలి. వాటి జన్యువులన్నింటినీ కూడగట్టి మేల్కొలిపే ప్రోటీన్ పేరు ఎంవైబీ1.

చీకట్లో దీనికి ఆయుష్షు తక్కువ. సీఓపీ1 అనే మరో ప్రోటీన్ దీన్ని వెంటాడి, ఉబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు పడితే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. వెలుతురు సోకగానే సీఓపీ1 జోరు తగ్గుతుంది, ఎంవైబీ1 బతికి బట్టకడుతుంది. పైగా దాని జన్యువు కూడా చురుకుగా పనిచేస్తుంది. అంటే వెలుతురు చేసే మేలులో సగం, అడ్డు తొలగించడమే! జపాన్, చైనా తోటల్లో కాయలకు కాగితపు సంచులు తొడిగి, కోతకు కొన్ని వారాల ముందు తీసేస్తారు. పాలిపోయి ఉన్న కాయ కొద్ది రోజుల్లోనే ఎర్రబడుతుంది. రాత్రుళ్లు చల్లగా ఉంటే ఇంకా మంచిది.

మరి గోల్డెన్ డెలిషియస్ రకం ఎంత ఎండలో ఉన్నా పసుపుగానే ఎందుకు ఉంటుంది? 2019లో చైనా శాస్త్రవేత్తలు ఎర్ర రకాల్లో ఎంవైబీ1 జన్యువుకు కాస్త ముందు, ఎక్కడి నుంచో వచ్చి చేరిన డీఎన్‌ఏ ముక్కను గుర్తించారు. ఆ జన్యువు జోరు పెంచేది ఆ ముక్కే. గోల్డెన్ డెలిషియస్‌లో అది లేదు. ఇలా చోటు మార్చే ముక్కలను మొక్కజొన్నలో మొదట కనిపెట్టిన బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, ద్రాక్షలో కథ తలకిందులు. అక్కడ ఇలాంటి ముక్కే రంగు జన్యువు ముందు చేరి దాని నోరు నొక్కేసింది. తెల్ల ద్రాక్ష అలా పుట్టిందని 2004లో తేలింది. తొనలు ఎర్రగా ఉండే రక్తనారింజలోనూ అలాంటి ముక్కే ఉంది, ఆపిల్‌లోలాగే రంగు జన్యువును మేల్కొలుపుతుంది. కానీ అక్కడ దాన్ని తట్టి లేపేది చలి. అందుకే ఎండ సోకని తొనల్లోనూ ఎరుపు వస్తుంది, చలి లేని చోట అదే రకాన్ని నాటితే తొనలు మామూలు నారింజలాగానే ఉండిపోతాయి.