సిమెంటు తొట్టిలో అల, చిన్న గదిలో స్పీకర్

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఒక అనుమానం వస్తుంటుంది. స్పీకర్లు అవే, యాంప్లిఫయరూ అదే. పాతింట్లో పాట శుభ్రంగా వినిపించేది. కొత్త గదిలో పెట్టాక మృదంగం తొప్పి మీద దెబ్బ పడినప్పుడల్లా గదంతా గుంయ్‌మంటోంది. స్పీకర్ పాడైందా? పాడవలేదు. మారింది గది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున స్లాబు ఉన్న గదికి చిన్న స్పీకర్లు కొనేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఆ గది గురించే. కంపెనీ పేరు సంగతి తర్వాత.

పెరట్లో కుళాయి కింద ఉండే పొడవాటి సిమెంటు తొట్టిని సగానికి నింపండి. ఒక చివర చెంబును నీళ్లలో పైకీ కిందికీ ఆడించండి. ఇష్టమొచ్చినట్టు ఆడిస్తే చిన్న అలలు లేచి చెదిరిపోతాయి. ఒకానొక లయలో ఆడిస్తే మాత్రం నీళ్లు ఈ చివర లేచి ఆ చివర పడుతూ, ఆ చివర లేచి ఈ చివర పడుతూ, కాసేపట్లోనే గట్టు దాటి ఒలికిపోతాయి. ఆ లయ ఏదన్నది చెంబు చేతిలో లేదు, తొట్టి పొడవూ నీటి లోతూ కలిసి తేలుస్తాయి. ఇప్పుడు తొట్టి మధ్యలో చూడండి. చివర్లలో నీళ్లు జానెడు లేస్తున్నా మధ్యలో మట్టం కదలదు. అక్కడ ఎండుటాకు వేస్తే అది పైకి లేవదు, అటూ ఇటూ జారుతుందంతే.

గదిలో ధ్వనిదీ ఇదే ఆట. నీటి మట్టం స్థానంలో గాలి పీడనం అనుకోండి. గోడల దగ్గర పీడనం బాగా ఊగుతుంది, మధ్యలో ఊగదు. మధ్యలో గాలి మాత్రం అటూ ఇటూ కదులుతుంది. లయ లెక్క తేలిక: ధ్వని వేగాన్ని రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు 349 మీటర్లు, అంటే సుమారు 1,145 అడుగులు పోతుంది. 12 అడుగుల పొడవుకు 48 హెర్ట్జ్ (సెకనుకు 48 ఊపులు), 10 అడుగుల వెడల్పుకు 57 హెర్ట్జ్. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అదీ 57. రెండు తొట్లు ఒకే లయకు ఒలుకుతాయన్నమాట. పొడవు కూడా పదే అయితే మూడూ ఒకేచోట పడతాయి. వినడానికి అంతకంటే చెడ్డ గది ఉండదు. వీటి రెట్టింపులు 95, 114 కూడా లెక్కలోకి వస్తాయి. మగ గొంతు కింది స్థాయి అక్కడే ఉంటుంది కాబట్టి మాట ముద్దగా అనిపించేది వీటివల్లే.

పెంకుటింట్లో ఈ బాధ తక్కువ. పెంకుల సందుల్లోంచి, చూరు కింద ఖాళీల్లోంచి కింది స్వరాల శక్తి బయటికి పోతుంది. పగిలిన తొట్టిలో అల నిలదొక్కుకోలేదు.

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో శృతిదండంతో అనునాద గొట్టం ప్రయోగం అందరిచేతా చేయిస్తారు. రికార్డులో అంకెలు నింపిస్తారు, సంతకం పెడతారు. రెండు కొనలూ మూసిన గొట్టం అంటే నువ్వు పడుకునే గదే అని ఆ పూట ఒక్క వాక్యం చెబితే ఆ పాఠం జీవితాంతం గుర్తుండేది.

సరే, స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? తొట్టి దగ్గరికే మళ్లీ వెళదాం. ఈసారి ఇద్దరు మనుషులు, రెండు చెంబులు. చెరో చివర నిలబడి ఇద్దరూ ఒకే లయలో, ఒకేసారి ముంచి, ఒకేసారి ఎత్తితే ఆ మొదటి ఊపు లేవనే లేవదు. ఒకరు లేపిన అలను ఇంకొకరు అణిచేస్తారు. అందుకే ఎడమ, కుడి స్పీకర్లు 10 అడుగుల గోడకు రెండు పక్కలా సమదూరంలో ఉంటే వెడల్పు తాలూకు 57 హెర్ట్జ్ లేవదు. ఒకటి మూలన, ఇంకొకటి తలుపు పక్కన పెడితే లేస్తుంది. ఇక రెట్టింపు లయ 114. ఆ అలకు గోడ నుంచి పావు వంతు దూరంలో, అంటే రెండున్నర అడుగుల దగ్గర, మట్టం కదలని చోటు ఉంటుంది. అక్కడ చెంబు ఎంత ఆడించినా ఆ అల పుట్టదు. కాబట్టి ఒక్కో స్పీకర్ మధ్యగీత పక్క గోడకు సరిగ్గా రెండున్నర అడుగులు, రెండింటి మధ్య 5 అడుగులు. టేపు పెట్టి కొలవండి. వెడల్పు వల్ల వచ్చే రెండు గుంయ్‌లు పైసా ఖర్చు లేకుండా పోతాయి.

కూర్చునే చోటు పొడవు వైపు లెక్క. వెనక గోడకు ఆనించిన దివాన్ మీద కూర్చుంటే 48, 95 రెండూ నిండుగా మీదపడతాయి. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే 48 మాయం. వెనక గోడకు 3 అడుగుల్లో 95 మాయం. నాలుగున్నర అడుగుల దగ్గర 48 పీడనం గోడ దగ్గర ఉన్నదానిలో 38 శాతం, 95 పీడనం 71 శాతం ఉంటుంది. ఏదీ చావదు, ఏదీ నెత్తికెక్కదు. అక్కడికి స్పీకర్ ఆరున్నర, ఏడు అడుగుల మధ్య ఉంటుంది.

ఈశాన్యం మూల బరువు పెట్టకూడదని స్పీకర్‌ని నైరుతి మూలకు నెట్టేవాళ్లున్నారు. ధ్వనికి దిక్కులు తెలియవు. ఏ మూలైనా మూడు అలలూ ఎత్తున ఉండే చోటే. నాలుగు మూలలూ ఒకేలా చెరుపు చేస్తాయి.

గోడలకు అంగుళం మందం ఫోమ్ పలకలు అంటించడం మీద డబ్బు పెట్టకండి. ఫోమ్ పనిచేయాలంటే దాని సందుల్లో గాలి కదలాలి. గోడను ఆనుకుని గాలి కదలదు. ఎండుటాకు జారేది తొట్టి మధ్యలోనే కదా. 57 హెర్ట్జ్‌కు గాలి బాగా కదిలే చోటు గోడకు 5 అడుగుల అవతల ఉంది. అంగుళం ఫోమ్ పై స్వరాలను మాత్రం మింగేసి గుంయ్‌ని అలాగే వదిలేస్తుంది. చప్పట్లు కొడితే ట్ర్ర్ర్ అని మోగే టైల్స్ గదికి మందపాటి కర్టెను, నేల మీద జంపఖానా చాలు.

ఇప్పుడు స్పీకర్ ఎంపిక. ఈ గదికి 5 అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోన్) సరిపోతుంది. ఆరున్నర అంగుళాల వూఫర్, వెనక పోర్ట్ (గాలి పోవడానికి పెట్టెకు పెట్టిన గొట్టం), 45 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన పెట్టె తెచ్చి గోడకు ఆనిస్తే, గది ఏ స్వరాల దగ్గర ఒలకడానికి సిద్ధంగా ఉందో సరిగ్గా అక్కడే నీళ్లు పోసినట్టు. పోర్ట్ లేని మూసిన పెట్టె కిందికి పోతున్నకొద్దీ ఆక్టేవ్‌కు (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ (ధ్వని బిగ్గరతనం కొలత) చొప్పున మెల్లగా తగ్గుతుంది. పోర్ట్ ఉన్నది 24 చొప్పున పడిపోతుంది. ఆ మెల్లని తగ్గుదలను చిన్న గది తన సాయంతో పూడుస్తుంది. 1970లలో బీబీసీ ఇంజనీర్లు ప్రసార వ్యాన్లలో వినడానికి తయారుచేసిన ఎల్‌ఎస్3/5ఏ సుమారు 5 లీటర్ల మూసిన పెట్టె, 5 అంగుళాల వూఫర్. అంత ఇరుకు చోటు కోసం వాళ్లు ఎంచుకున్నది అదే. ఇప్పటికే వెనక పోర్ట్ ఉన్నది కొనేసి ఉంటే పాత నూలు మేజోడు చుట్టి పోర్ట్‌లో దూర్చండి, గుంయ్ తగ్గుతుంది. వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో షాపులో విన్నది షాపు హాలు ధ్వని, మీ గదిది కాదు. పాతవి కొంటుంటే వూఫర్ అంచు చూడండి. ఫోమ్ అంచు తేమకు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు అంచు మన్నుతుంది.

స్పీకర్ వెనక ఉన్న గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని ముందుకు పోయేదాన్ని రద్దు చేస్తే ఒక స్వరం దగ్గర ధ్వని తగ్గిపోయి గుంట పడుతుంది. వూఫర్ ముఖానికి, గోడకు మధ్య దూరాన్ని నాలుగుతో గుణించి 1,145ని దానితో భాగించండి. రెండు అడుగులైతే 143 హెర్ట్జ్ దగ్గర, అడుగుంబావు అయితే 229 దగ్గర. 10 అంగుళాల లోతు పెట్టె వెనక 5 అంగుళాల ఖాళీ వదిలితే అడుగుంబావు వస్తుంది. వూఫర్ నుంచి నేలకు, పక్క గోడకు, వెనక గోడకు దూరాలు సమానం కాకూడదు. సమానమైతే మూడు గుంటలూ ఒకటై నుయ్యి అవుతుంది. ఈక్వలైజర్‌తో గుట్టను తగ్గించవచ్చు, గుంటను పూడ్చలేరు. పవర్ పెంచినకొద్దీ తిరిగొచ్చి రద్దు చేసే అలా అంతే పెరుగుతుంది.

యాంప్లిఫయర్ జతకు ఒకప్పటి పీఎంపీఓ (ప్రకటనల కోసం పెంచి రాసిన పవర్) అంకెలను, ఇప్పటి ‘300 వాట్స్’ చీటీలను పక్కన పెట్టండి. చిన్న క్లాస్-డి బోర్డుకు (తక్కువ వేడితో పనిచేసే యాంప్లిఫయర్ సర్క్యూట్) అడాప్టర్ వోల్టేజిని అదే వోల్టేజితో గుణించి, స్పీకర్ ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్, 8 ఓమ్ స్పీకర్: 361ని 16తో భాగిస్తే ఒక్కోదానికి ఇరవై రెండున్నర వాట్లు. అంతకు మించి శుభ్రంగా రాదు. చాలదా? 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే బిగ్గరతనం) ఉన్న జత 2 మీటర్ల దూరంలో ఒక్కో వాట్‌తో సుమారు 84 ఇస్తుంది. డప్పు దెబ్బకు 95 కావాలన్నా 13 వాట్లు చాలు. అదే బోర్డుకు 4 ఓమ్ స్పీకర్లు పెడితే ఒక్కోటి 45 వాట్లు, రెండూ కలిసి 90 అడుగుతాయి. 65 వాట్ల అడాప్టర్ పెద్ద దెబ్బ దగ్గర కట్టయి మళ్లీ వస్తుంది. బోర్డు చెడిపోయిందనుకుని మార్చేస్తారు, తప్పు దానిది కాదు.

తీగకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి చాలు. 5 మీటర్ల దూరానికి రానూపోనూ 0.12 ఓమ్. గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం దగ్గర సముద్రపు గాలికి తీగ కొనలు పచ్చబడతాయి. అప్పుడప్పుడు అర అంగుళం కత్తిరించి కొత్త రాగి బిగించండి. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తున ఉండాలి. కుర్చీలో అయితే మూడు అడుగుల పైచిలుకు, చాప మీద అయితే రెండున్నర.

చివరగా ఒక స్పీకర్ తీగలు ఎరుపు, నలుపు తారుమారయ్యాయేమో చూడండి. తారుమారైతే రెండు చెంబులు ఎదురు లయలో పడ్డట్టే. మనం అంత కొలిచి అణిచిన 57 హెర్ట్జ్ మళ్లీ లేస్తుంది. పక్క గోడల దగ్గర గుంయ్‌మంటుంది, మధ్యలో కూర్చున్న మీకు మృదంగం పలచబడుతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. యాంప్లిఫయర్ దగ్గర తీగలు ఊడదీసి, ఎర్ర తీగను 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌కు, నల్లదాన్ని మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. రెండు వూఫర్లూ ముందుకే రావాలి. ఏది వెనక్కి పోతే దాని తీగలు మార్చి బిగించండి.