పిన్ను మారిస్తే సరిపోదు

వేరే దేశంలో కొన్న వస్తువును ప్లగ్గులో పెట్టే ముందు, దాని వెనకో ఛార్జర్ మీదో సన్నటి అక్షరాల్లో ఉండే ‘ఇన్‌పుట్’ అనే లైను చదవాలి. అక్కడ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క) అని ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. పిన్నులు అమరే చిన్న అడాప్టర్ చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉండి, గోడలో వచ్చేది 230 వోల్టులైతే మాత్రం ఆగాలి. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు.

వేడినిచ్చే వస్తువులకే ఎక్కువ ప్రమాదం. వోల్టేజీ రెట్టింపైతే హీటర్ తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. 120 వోల్టులకు చేసిన 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను 230 వోల్టుల ప్లగ్గులో పెడితే, దాదాపు 3,700 వాట్లు లాగబోతుంది. దాన్ని తట్టుకునేలా ఆ తీగను చేయలేదు. అదే 230 వోల్టుల కెటిల్‌ను 120 వోల్టుల దేశంలో పెడితే ఏదీ కాలదు, నీళ్లు మరగడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

మరి ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు అన్ని దేశాల్లోనూ ఎలా పనిచేస్తున్నాయి? అవి లోపలికి వచ్చిన ఏసీ కరెంటును, అంటే అటూ ఇటూ ఊగేదాన్ని, ముందుగా ఒకేవైపు పారే డీసీగా మార్చేస్తాయి. తర్వాత దాన్ని సెకనుకు వేలసార్లు, కొన్ని లక్షసార్లకు పైగా ఆపుతూ వదులుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, కావలసిన వోల్టేజీ దగ్గర నిలబెడతాయి. గోడలో 50 హెర్ట్జ్ ఉందా, 60 ఉందా అన్నది ఆ మొదటి మెట్టు దగ్గరే మరుగున పడిపోతుంది. ఇంత గొప్ప పని చేసేది అరచేతిలో ఇమిడే పెట్టె అని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాతకాలం వస్తువులకు ఆ సౌకర్యం లేదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే 230 వోల్టులు 120 అవుతాయి, కానీ 50 హెర్ట్జ్ 50గానే ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. కరెంటు లయను బట్టి తిరిగే 60 హెర్ట్జ్ గోడగడియారం 50 హెర్ట్జ్ మీద గంటకు పది నిమిషాలు, రోజుకు నాలుగు గంటలు వెనకబడుతుంది. 60కి లెక్కగట్టి చేసిన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద గుయ్యిమని మోగుతూ వేడెక్కుతుంది. ఒక్క దేశంలోనే రెండూ ఉన్న చోటు జపాన్: వోల్టేజీ అంతటా 100, కానీ టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో జర్మన్ జనరేటర్లు, ఒసాకా అమెరికన్ జనరేటర్లు కొన్నందువల్ల వచ్చిన తేడా ఇది. 2011 భూకంపం తర్వాత తూర్పున కరెంటు కొరత వచ్చినప్పుడు, ఈ తేడా వల్లే పడమటి నుంచి కొంతవరకే పంపగలిగారు.

టీవీ బొమ్మకూ ఈ 50, 60లతో చుట్టరికం ఉంది. తొలినాటి టీవీల్లో కరెంటు లయ తెర మీద నీడపట్టీగా పాకేది. అది కదలకుండా ఉండాలని తెరను గీసే వేగాన్ని కరెంటు ఫ్రీక్వెన్సీకి జతచేశారు. అందుకే అమెరికాలో 525 గీతల బొమ్మ సెకనుకు సుమారు 60 సగాలుగా (గీత విడిచి గీత గీసిన సగం బొమ్మలుగా), యూరప్‌లో 625 గీతల బొమ్మ 50 సగాలుగా వచ్చేది. ఆపైన రంగును పంపే పద్ధతి కూడా వేరయింది: అమెరికా ఎన్‌టీఎస్‌సీ, జర్మనీ పాల్, ఫ్రాన్స్ సెకామ్. ఒక పద్ధతికి మాత్రమే చేసిన పాత టీవీకి ఇంకో దేశపు సిగ్నల్ ఇస్తే బొమ్మ దొర్లేది, లేదా రంగు పోయేది.

డిజిటల్ వచ్చాక ఈ గొడవ తీరుతుందనుకుంటాం. తీరలేదు. డిజిటల్ ప్రసార పద్ధతులూ వేరువేరే: అమెరికాలో ఏటీఎస్‌సీ, యూరప్‌లో డీవీబీ, జపాన్‌లో ఐఎస్‌డీబీ. ఏటీఎస్‌సీ తొలి రూపం ఒకే తరంగం మీద సమాచారాన్ని ఎక్కిస్తే, డీవీబీ దాన్ని వేల చిన్న తరంగాలకు పంచుతుంది. అందుకే టీవీ లోపల ఛానెళ్లను పట్టే ట్యూనర్ పరాయి దేశంలో ఎంత వెతికినా ఒక్క ఛానెల్ కూడా దొరక్కపోవచ్చు. రేడియోదీ ఇదే తంతు. జపాన్ ఎఫ్‌ఎమ్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 95 దగ్గర ఆగుతుంది. మిగతా చాలాచోట్ల 108 దాకా వెళ్తుంది. అమెరికా రేడియో 88.1, 88.3 అంటూ బేసి అంకెల మీదే గెంతుతుంది, మధ్యలో ఉన్న స్టేషన్ దానికి దొరకదు. కొన్నింట్లో దేశాన్ని మార్చే సెట్టింగు ఉంటుంది. కొనేటప్పుడే అడగాలి.

కాబట్టి ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ లాంటివి మోసుకురావడం దండగ అంటాను. వాటి వాట్లకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ వాటికంటే ఎంతో బరువు. టీవీ సంగతి వేరు. ఇన్‌పుట్ లైను సరిపోతే, ట్యూనర్ పనికిరాకపోయినా దిగులొద్దు. ఉంటున్న దేశపు సెట్‌టాప్ బాక్సును హెచ్‌డీఎమ్‌ఐ తీగతో కలిపి, అది పంపే 50 హెర్ట్జ్ బొమ్మను ఈ తెర తీసుకుంటుందో లేదో చూడాలి. తీసుకోకపోతే బాక్సు సెట్టింగుల్లో 60కి మార్చి చూడండి.