అతుకు ఎక్కడ పడిందో ఎలా కనిపెడతారు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. క్యాన్సర్ కణంలో క్రోమోజోములు తెగి వేరే చోట అతుక్కుంటాయని చదివారు కదా, ఆ అతుకును కంప్యూటర్ ఎలా పట్టుకుంటుందో చెబుతాను.

1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఒక రకం రక్త క్యాన్సర్‌లో మరీ పొట్టిగా ఉన్న క్రోమోజోమును మైక్రోస్కోపులో చూశారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. అంత పెద్ద మార్పు కాబట్టి కంటికి ఆనింది. ఏ అక్షరం (డీఎన్ఏను రాసే A, C, G, T లలో ఒకటి) దగ్గర తెగిందో తెలియాలంటే డీఎన్ఏను చదవాల్సిందే.

మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏ వరుసలో, దాదాపు 300 కోట్ల అక్షరాలు. దాన్ని సుమారు 400 అక్షరాల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను రెండు కొసల నుంచీ 150 అక్షరాల చొప్పున యంత్రం చదువుతుంది. అలా చదివిన ఒక్కో వరుసను రీడ్ అంటారు. ఆ రీడ్ల జతను రిఫరెన్స్ జీనోమ్‌తో, అంటే పోలిక కోసం పెట్టుకున్న నమూనా మానవ జీనోమ్‌తో, పోల్చినప్పుడు రెండూ ఎదురెదురుగా, దగ్గర దగ్గరగా కుదరాలి. ఒకటి 9వ క్రోమోజోము మీద, రెండోది 22వ దాని మీద కుదిరితే అనుమానించాలి. అంతకన్నా గట్టి సాక్ష్యం స్ప్లిట్ రీడ్, అంటే రెండుగా చీలి రెండు చోట్ల కుదిరే రీడ్. ఒకే రీడ్‌లో మొదటి 90 అక్షరాలు 22తో, మిగతా 60 అక్షరాలు 9తో సరిపోతాయి. అతుకు సరిగ్గా ఆ రెంటి మధ్యే ఉంది. రెండు వైపులా ఒకే రకం అక్షరాలు రెండు మూడు ఉంటే మాత్రం ఆ మేరకు అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడో లెక్క చేయండి. ప్రతి చోటునూ 60 సార్లు చదివారు. నమూనాలో క్యాన్సర్ కణాలు 40 శాతం. ప్రతి క్రోమోజోముకూ కణంలో రెండు కాపీలుంటాయి, క్యాన్సర్ కణాల్లో వాటిలో ఒకటే తెగింది. అతుకును చూపే రీడ్లు 60 × 0.4 × 0.5, అంటే 12 వస్తాయి. క్యాన్సర్ కణాలు 10 శాతమే అయితే మూడే. మూడింటిని నమ్మడం కష్టం, ఎందుకంటే ల్యాబ్‌లో సంబంధం లేని ముక్కలు ఒకదానికొకటి అంటుకుని దొంగ అతుకులు పుడతాయి. డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతి అయిన పీసీఆర్‌లో ఒకే ముక్కకు నకళ్లు పెరిగితే ఒక్క సాక్షే పదిమందిలా కనబడతాడు. అందుకే ముందు నకళ్లు తీసేయాలి.

అసలు తలనొప్పి పునరావృతాలతో, అంటే చాలా చోట్ల మళ్లీ మళ్లీ వచ్చే ఒకే రకం వరుసలతో. జీనోమ్‌లో దాదాపు సగం అవే. ఆలూ (Alu) అనే సుమారు 300 అక్షరాల పునరావృతాలు పది లక్షలకు పైగా ఉన్నాయి. అలాంటి చోట 150 అక్షరాల రీడ్ ఎక్కడిదో చాలాసార్లు చెప్పలేం, మ్యాపింగ్ క్వాలిటీ (రీడ్ సరైన చోటే కుదిరిందన్న నమ్మకానికి ఇచ్చే మార్కు) సున్నాకు కూడా పడిపోవచ్చు. పది వేల అక్షరాలు దాటే పొడవైన రీడ్లు అక్కడ ఆదుకుంటాయి.

ఇలాంటి అతుకులను వెతికే మాంటా, డెల్లీ లాంటి ప్రోగ్రాములకు కణితితోపాటు అదే రోగి ఆరోగ్యకరమైన కణాల డీఎన్ఏ కూడా ఇవ్వండి. రెంటిలోనూ కనిపించిన అతుకు సాధారణంగా పుట్టుకతో వచ్చినదో, పోల్చడంలో జరిగిన పొరపాటో అయి ఉంటుంది, క్యాన్సర్‌లో ఏర్పడింది కాదు. మిగిలినవాటిని, రీడ్లను బొమ్మగా చూపే ఐజీవీ అనే ప్రోగ్రాములో తెరిచి కళ్లతో చూడండి. రీడ్లన్నీ ఒకే నిలువు గీత దగ్గర తెగి, అవతలి క్రోమోజోములోనూ అలాగే తెగి ఉంటే, అప్పుడు రాసుకోండి.

మీ
తాతయ్య