పూడిక తీసేవాళ్లు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వేసవి సెలవుల్లో నా ల్యాప్‌టాప్ తెర చూసి పెద్దవాడు "ఇది మ్యూజియంలో పెట్టాల్సిన సరుకు" అని నవ్వాడు. చిన్నది మాత్రం నవ్వకుండా ఒక ప్రశ్న వేసింది: "పాతదైతే మరి దీనికి అప్‌డేట్లు ఎందుకు వస్తున్నాయి?" అప్పుడు నా చేతుల నిండా పనసబంక. నూనె రాసి తోముకుని వచ్చేసరికి మీరిద్దరూ చెరువు గట్టు మీద ఉన్నారు. బాకీ పడిన ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నా తెరకు పైన ఒక పట్టీ, అందులో మూడు మెనూలు. కింద ఇంకో పట్టీ, తెరిచిన విండోలన్నీ అందులో వరసగా కూర్చుంటాయి. దీని పేరు మాతే. దక్షిణ అమెరికాలో ఒక చెట్టు ఎండుటాకులను సొరబుర్ర గిన్నెలో వేసి, వేడినీళ్లు పోసుకుని గొట్టంతో పీల్చి తాగుతారు. ఆ పానీయం పేరే దీనికి పెట్టారు. మీరు ఇంగ్లిష్ అక్షరాలు చూసి 'మేట్' అని చదివారు. నాకేమో వరద తీశాక పొలాల్లో మిగిలే ఇసుక మేట గుర్తొచ్చింది. ఉచ్చారణ తప్పే గానీ, ఈ కథకు బాగానే అతుకుతుంది.

నా ల్యాప్‌టాప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు లినక్స్, అది లోపల నడిచే యంత్రం. మన కంటికి కనిపించే పట్టీలు, మెనూలు, ఫైళ్లు చూపించే విండో, ఇవన్నీ విడిగా తయారయ్యే ప్రోగ్రాములు. వాటన్నిటినీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. మాతే లాంటివి లినక్స్‌కు చాలా ఉన్నాయి, నచ్చినది పెట్టుకోవచ్చు. వాటిలో పేరున్నది గ్నోమ్. 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా అనే ఇద్దరు యువకులు మొదలుపెట్టారు. 2002లో గ్నోమ్ 2 వచ్చింది. దాదాపు తొమ్మిదేళ్లు లక్షలమంది కళ్లు, చేతులు దానికి అలవాటు పడ్డాయి.

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 విడుదలైంది. కింది పట్టీ లేదు. పాత మెనూలు లేవు. విండోను కిందికి దించే బొత్తం కూడా తీసేశారు, మూసే బొత్తం ఒక్కటే మిగిలింది. కాస్త పాత కంప్యూటర్లయితే ఆ కొత్త బొమ్మల భారం మోయలేకపోయాయి. గగ్గోలు పుట్టింది. అసలు లినక్స్‌ను మొదలుపెట్టి రాసిన లినస్ టోర్వాల్డ్స్ కూడా చిరాకుపడి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు మారిపోయారు. రెండేళ్లకు మళ్లీ గ్నోమ్‌కే వచ్చారు, అది వేరే సంగతి. గ్నోమ్ వాళ్లను నేను తప్పుపట్టను. పాత ఇంటికి అతుకులు వేసీ వేసీ విసిగిపోయి, పునాదుల నుంచి కట్టుకుందామనుకున్నారు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల చాకిరీ.

కానీ పాత ఇంటి తాళం ఎవరి దగ్గరా లేదు. గ్నోమ్ 2 స్వేచ్ఛా లైసెన్సుల కింద విడుదలైన సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిరిగి పంచవచ్చు. షరతు ఏమిటంటే, పంచేటప్పుడు ఆ స్వేచ్ఛను కూడా కలిపి పంచాలి. ఆ ఏడాదే పెర్బెరోస్ అనే మారుపేరుతో పనిచేసే ఒక అర్జెంటీనా మనిషి ఆ పాత కోడ్ తీసుకుని మాతే మొదలుపెట్టాడు. ఇలా విడిపోవడాన్ని ఫోర్క్ అంటారు. భోజనం బల్ల మీది ఫోర్క్ కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది చూడండి, అలాంటి పాయ.

విడిపోగానే మొదటి పని పేర్లు మార్చడం. ఇదేదో ముచ్చటకు చేసింది కాదు. ఒక వీధిలో ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరుంటే పోస్ట్‌మన్ ఎవరి ఉత్తరం ఎవరికిస్తాడు? కంప్యూటర్‌లోనూ అంతే, ఒకేచోట ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండలేవు. కొత్త గ్నోమ్ పక్కనే పాతది బతకాలంటే పాతదే పేరు మార్చుకోవాలి. అందుకని ఫైళ్లు చూపించే నాటిలస్ 'కాహా' అయింది, అంటే స్పానిష్‌లో పెట్టె. అక్షరాలు రాసుకునే జీఎడిట్ 'ప్లూమా' అయింది, అంటే ఈక, ఈకతో చేసిన కలం. విండోల చుట్టూ అంచులు గీసే మెటాసిటీ 'మార్కో' అయింది, అంటే చట్రం. నాకు బాగా నచ్చింది పీడీఎఫ్‌లు చదివే ఎవిన్స్‌కు పెట్టిన పేరు, 'అత్రిల్'. పుస్తకం ఆనించుకుని చదివే బల్ల అన్నమాట. మా తాతగారు భారతం చదివిన వ్యాసపీఠం అటక మీద ఉందే, అదే!

పేరు మార్చడమంటే బోర్డు మార్చడం కాదు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పేరుపెట్టే పిలుస్తుంది. కోడ్‌లో ఎక్కడో మూల ఒక్క పాత పేరు మిగిలిపోయిందా, పిలిచినవాడు పిలుస్తూనే ఉంటాడు, పలికేవాడు ఉండడు. వేలకొద్దీ వరుసల్లో వెతికి వెతికి మార్చారు.

ఇంతవరకు అందరూ చెప్పుకునే కథ. చిన్నదాని ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు కాలువల మీదే తిరిగాను. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులకు రంగు వేయాలి. ఒక్క ఏడాది మానేస్తే చివరి పొలానికి నీళ్లు అందవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కట్టించిన కాటన్ దొరకు మా వైపు ఊరూరా విగ్రహం ఉంది. పూడిక తీసిన లస్కరుకు మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

కోడ్ తనంతట తాను చెడిపోదు. దాని కిందనున్న నేల కదులుతుంది. బొత్తాలు, మెనూలు, పెట్టెలు గీసిపెట్టే జీటీకే అనే టూల్‌కిట్ ఒకటుంది. మాతే పుట్టినప్పుడు జీటీకే 2 మీద నిలబడింది. దాన్ని తయారుచేసేవాళ్లు అప్పటికే జీటీకే 3కు వెళ్లిపోయారు. రెండోదాంట్లో ఇక కొత్తవేమీ రావు, ఏదో ఒక రోజు మరమ్మతులూ ఆగిపోతాయి. కాబట్టి మాతే వాళ్లు ప్రతి ప్రోగ్రామునూ, ప్రతి మెనూనూ మూడో దాని మీదికి మార్చాలి. అదీ చూసేవాడికి ఏమీ మారినట్టు కనిపించకుండా! జనం బస్సులో కూర్చుని ఉండగానే ఇంజన్ మార్చడమే. పైగా జీటీకే 3లో కొత్త విడుదల వచ్చినప్పుడల్లా థీములు చెదిరిపోయేవి, మళ్లీ సర్దేవారు. విడుదల తర్వాత విడుదలగా సాగి, 2017 మార్చిలో వచ్చిన మాతే 1.18తో ఆ మార్పిడి ముగిసింది. ఆ రోజు తెర మీద చూస్తే ఏ తేడా లేదు. అంత చాకిరీకి ఫలితం అదే. వాళ్లు కోరుకున్నదీ అదే. 2020 చివర జీటీకే 4 రాగానే జీటీకే 2కు మంగళం పాడేశారు. మార్చుకోకుండా కూర్చుని ఉంటే నా తెర నిజంగానే మ్యూజియంలో ఉండేది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ జీటీకేను తయారుచేసేది గ్నోమ్ వాళ్లే. ఎవరి నుంచి విడిపోయారో వాళ్లు వదిలిన నీళ్లే మాతేకు రావాలి. అలా పైనుంచి కోడ్ ఇచ్చేవాళ్లను ప్రోగ్రామర్లు అప్‌స్ట్రీమ్ అంటారట. మా భాషలో ఎగువ. ఆ మాట విన్నాక ఈ మనుషులు నాకు మరీ దగ్గరివాళ్లనిపించారు. ఎగువ వాళ్ల మీద విసుక్కుంటూనే వాళ్లు ఎప్పుడు నీళ్లు వదులుతారా అని ఎదురుచూడటం మాకు తెలియనిదా?

ఇప్పుడు ఇంకో పెద్ద పని మీద పడింది. తెర మీద బొమ్మ వేయడానికి ఇన్నాళ్లూ ఎక్స్ విండో అనే పద్ధతి ఉండేది. దాని పదకొండో రూపం 1987 నాటిది, నేటికీ అదే వాడుకలో ఉంది. లినక్స్ లోకం దాన్ని వదిలి వేలాండ్ అనే పద్ధతికి మారుతోంది. మన మార్కో చట్రాలన్నీ ఎక్స్‌ను నమ్ముకుని రాసినవి. పని చూస్తే కొండంత, చేసేవాళ్లు కొద్దిమంది. వాళ్లలోనూ ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు, ఆదివారాలు ఇందులో పెట్టేవాళ్లు. మాతే 1.26 వచ్చింది 2021 ఆగస్టులో. 1.28 కోసం 2024 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 1.27 ఏమైందని అడుగుతారేమో, బేసి సంఖ్యలు వాళ్లు ప్రయోగాలకు ఉంచుకుంటారు. ఆ రెండున్నరేళ్లూ 'ఇది చచ్చిపోయిందా' అని అడిగేవాళ్లు ఉండే ఉంటారు. వేసవిలో కాలువలో నీళ్లు లేకపోతే పట్నం నుంచి వచ్చినవాళ్లు అలాగే అడుగుతారు. లోపల పారలు ఆడుతున్న సంగతి గట్టు మీద నిలబడితే కనపడదు.

డబ్బు రానప్పుడు ఎందుకు చేస్తారని పెద్దవాడు అడుగుతాడు, నాకు తెలుసు. అందరి సంగతీ నేను చెప్పలేను. మొదటి కారణం స్వార్థమేనని నా ఊహ: తమ కంప్యూటర్ తమకు నచ్చినట్టు ఉండాలి. తమ పొలానికి నీళ్లు రావాలని పార పట్టుకున్నవాడు తవ్వితే పక్క పొలానికీ పారుతుంది.

ఒక చిన్న పని మీకోసం అట్టేపెట్టాను. మాతేలో తెలుగు కూడా ఉంది. గ్నోమ్ 2 రోజుల్లో మనవాళ్లు కూర్చుని చేసిన అనువాదాలు పాయతోపాటు ఇటు వచ్చేశాయి. ఒక్కో ప్రోగ్రాముకు, ఒక్కో భాషకు ఒక మామూలు అక్షరాల ఫైలు ఉంటుంది. పై వరుసలో ఇంగ్లిష్ మాట, కింది వరుసలో తెలుగు మాట. కింది వరుస ఖాళీగా ఉంటే తెర మీద ఇంగ్లిష్ మాటే కనిపిస్తుంది. అలా ఇంగ్లిష్‌లో కనిపించిన మాటలను నేను ఒక నోటుపుస్తకంలో రాసిపెడుతున్నాను, ఇప్పటికి నలభై రెండు తేలాయి. కొన్నిటికి నాకు తోచిన తెలుగు కూడా రాశాను గానీ, నా తెలుగు కాస్త కచేరీ కాగితంలా ఉంటుందని మీ నానమ్మ అభిప్రాయం. మీ ఈడు పిల్లలకు అర్థమయ్యే మాట మీరే చెప్పాలి. దసరాకు వచ్చేటప్పుడు పెద్దవాడిని తన ల్యాప్‌టాప్ తెచ్చుకోమనండి, మ్యూజియంలో ఒకేసారి ఇద్దరు కూర్చోలేరు.

పనస తొనలు అయిపోయాయి. అప్పడాలు మిగిలాయి.

మీ తాతయ్య