వెలుగు ఆర్క్‌గా మారకుండా

ఎలక్ట్రీషియన్ జేబులోని టెస్టర్‌ను కరెంటు తీగకు ఆనిస్తే లోపల నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది. అదే గ్లో డిశ్చార్జి, అంటే కరెంటు పారుతున్న వాయువు వెలగడం. తక్కువ పీడనంలో నింపిన నియాన్ వాయువు, రెండు ఎలక్ట్రోడ్లు, అంతే సరంజామా. వాయువు పలచగా ఉంటేనే ఎలక్ట్రాన్ దేన్నైనా ఢీకొనేలోపు కావలసినంత శక్తి పుంజుకోగలదు. టెస్టర్‌లో పారేది మిల్లీయాంపియరులో చిన్న భాగమే. అలాంటి వెలుగులోనే పదుల, వందల ఆంపియర్లు పారించాలంటే మాత్రం వ్యవహారం మొండికేస్తుంది.

మొండితనమంతా కాథోడ్ దగ్గరే, అంటే రుణధ్రువం దగ్గరే. ఎలక్ట్రాన్ కోల్పోయిన అణువులు, అంటే ధన అయాన్లు వచ్చి కాథోడ్‌ను ఢీకొంటే ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. అవి పరుగెత్తుతూ మరిన్ని అణువులను అయాన్లుగా మారుస్తాయి. కరెంటు పెంచుతూ పోతే మొదట వోల్టేజి దాదాపు మారదు, వెలుగే కాథోడ్ మీద ఇంకాస్త మేర పరుచుకుంటుంది. లోహమంతా నిండాక వోల్టేజి పెరగక తప్పదు. అప్పటికీ ఆగకపోతే కాథోడ్ మీద ఏదో ఒక చుక్క విపరీతంగా కాలి, తనంతట తానే ఎలక్ట్రాన్లను కుమ్మరిస్తుంది. కరెంటంతా ఆ చుక్కలోకే దూకుతుంది. వందల్లో ఉన్న వోల్టేజి పదుల్లోకి పడిపోతుంది. అదే ఆర్క్. వెల్డింగు చేసేవారికి కావలసింది అదే గానీ, సమంగా పరుచుకున్న ప్లాస్మా (ఇలా ఎలక్ట్రాన్లు, అయాన్లు కలగలిసిన వాయువు) కోరేవారికి అంతకు మించిన తలనొప్పి లేదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం బోలు కాథోడ్. 1916లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ హీలియం వర్ణపటాన్ని పరిశీలించడానికి దీన్ని వాడారు. లోహపు గొట్టమే కాథోడ్ అయినప్పుడు ఒక గోడ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌ను ఎదుటి గోడ వెనక్కి తరుముతుంది, అదీ రుణధ్రువమే కదా! అలా లోలకంలా ఊగుతూ అది దారిలోని అణువులను పదేపదే ఢీకొంటుంది. అదే వోల్టేజికి కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా విద్యుత్తును మైక్రోసెకన్లలో ముగిసే పల్సులుగా ఇస్తే, చుక్క వేడెక్కేలోపే సరఫరా ఆగిపోతుంది.

ఆ పల్సును కొలవడానికి కరెంటు తీగ చుట్టూ రొగోవ్‌స్కీ కాయిల్ అనే తీగచుట్టను తొడుగుతారు. కరెంటు మారే వేగాన్ని బట్టి అందులో వోల్టేజి పుడుతుంది. ప్లాస్మా లోపలి సంగతి తెలియాలంటే మాత్రం 1920లలో అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ రూపొందించిన ప్రోబ్ కావాలి. అది ప్లాస్మాలోకి దించిన సన్నని టంగ్‌స్టన్ తీగ. దాని వోల్టేజిని రుణం నుంచి ధనం వైపు జరుపుతుంటే మొదట అయాన్లు, తర్వాత ఉధృతంగా ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి. ఆ పెరుగుదల ఎంత నిటారుగా ఉందో చూసి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత లెక్కగడతారు. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టు అనే శక్తి ప్రమాణంలో చెబుతారు; ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే దాదాపు 11,600 కెల్విన్లు.

కరెంటు ఎక్కువైతే ప్రోబ్ తానే కాలి ఎలక్ట్రాన్లు వదిలి లెక్క తప్పిస్తుంది. కాథోడ్ నుంచి రాలిన లోహం ప్రోబ్ చుట్టూ ఉన్న పింగాణీ మీద పూతలా పేరుకుంటే, ప్రోబ్ వైశాల్యం పెరిగిపోయి లేని ఎలక్ట్రాన్లు కూడా ఉన్నట్టు తేలుతుంది. అందుకే పింగాణీ అంచుకూ తీగకూ మధ్య చిన్న సందు వదిలి బిగిస్తారు.