నేను రాసిన కలం: ఇంగ్లీషు హూ, విచ్‌ల దగ్గర మనం ఎందుకు తడబడతాం?

"నేను రాసిన ఉత్తరం", "నేను రాసిన కలం". ఈ రెండూ విన్న తెలుగువాళ్ళెవరికీ సందేహం రాదు. రాసింది ఉత్తరాన్ని, కలంతో. "తో" అనే ముక్క ఎక్కడా లేకపోయినా అర్థం అందుతుంది. ఇవే ఇంగ్లీషులో చెప్పమంటే మొదటిది ఎలాగో గట్టెక్కుతుంది. రెండోది "ద పెన్ విచ్ ఐ రోట్" దగ్గర ఆగిపోతుంది. దానికి "విత్" కావాలి. డిగ్రీ చదివినవాళ్ళు కూడా ఆ "విత్" వదిలేస్తుంటారు. దాన్ని అజాగ్రత్త అనడం అన్యాయం. తెలుగులో ఆ చోట ఏ మాటా ఉండదు కాబట్టి, ఏదో తగ్గిందని మన చెవికి తెలియదు.

బడిలో మాత్రం ఇంగ్లీషు రిలేటివ్ ప్రొనౌన్ (పేరును దాని వర్ణనతో కలిపే హూ, విచ్ లాంటి మాట) అంటే "రెండు వాక్యాలను కలిపి రాయండి" అనే ప్రశ్నే. పైన రెండు చిన్న వాక్యాలు, బ్రాకెట్లో హూ. పిల్లలు "హి"ని కొట్టేసి ఆ చోట "హూ" పెడతారు, మార్కు పడుతుంది. అదే పిల్లవాడిని తన ఊరి గురించి పది వాక్యాలు రాయమనండి. చాలాసార్లు అందులో ఒక్క హూ, ఒక్క విచ్ కూడా కనపడవు. అన్నీ పొట్టి వాక్యాలే. ఎందుకిలా అవుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ముందు మన భాషలోకి.

ద్రావిడ భాషలకు రిలేటివ్ ప్రొనౌన్ లేదని, ఆ పనిని క్రియ నుంచి పుట్టిన విశేషణం చేస్తుందని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో తన తులనాత్మక వ్యాకరణంలో వివరంగా రాశాడు. మన బడి వ్యాకరణంలో దీని పేరు క్రియాజన్య విశేషణం. వచ్చిన మనిషి, కొన్న చీర, ఉడికే అన్నం, రాని బస్సు. వర్ణన అంతా ముందు వస్తుంది, పేరు చివర వస్తుంది. ఇంగ్లీషులో పేరు ముందు, వర్ణన వెనక. "నేను నిన్న సంతలో కొన్న చీర" అనే మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే చీర దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. మాట్లాడేటప్పుడు అంత తీరిక ఎక్కడిది?

అలాగని మనకు రెండో దారి లేకపోలేదు. పోతన గజేంద్రుడు "ఎవ్వనిచే జనించు జగము" అని మొదలుపెడతాడు. ఎవ్వని లోపల, ఎవ్వని యందు, ఎవ్వడు అంటూ పద్యమంతా సాగి, చివరికి "వాని" శరణు వేడతాడు. అన్ని ఎవ్వడులూ ఆ ఒక్క "వాని" కోసం ఎదురుచూస్తాయి. ఇంగ్లీషు హూకి మన భాషలో దగ్గరి చుట్టం ఇదే. ఇవాళ్టి మాటల్లో అది "ఎవరైతే ముందు వస్తారో వాళ్ళకే సీటు" అన్నట్టు వినిపిస్తుంది. ఒక్క తేడా ఉంది. తెలుగులో "ఎవరైతే" అన్నాక "వాళ్ళు" తప్పకుండా రావాలి. ఇంగ్లీషులో హూ వచ్చాక మళ్ళీ "హి" రాకూడదు. "ద బుక్ విచ్ ఐ రెడ్ ఇట్" అన్న పిల్లవాడి వాక్యంలో ఆ అదనపు "ఇట్" వెనక ఈ అలవాటు కూడా ఉందని నా నమ్మకం.

ఇక హూజ్ ("ఎవరి" అనే అర్థం) సంగతి. "ఆ రోజు మనింటికి వచ్చారు, వాళ్ళమ్మాయి డాక్టరు చదువుతోంది చూడు, ఆయన" అంటాం. అంటే మామూలు సంభాషణలో దాన్ని విడి వాక్యంగానే చెబుతాం. అందుకే పిల్లలకు హూజ్ అన్నిటికంటే దూరంగా అనిపిస్తుంది.

కామా ఇంకో చిక్కు. "గుంటూరులో ఉండే మా అన్నయ్య" అంటే అన్నయ్యలు నలుగురిలో గుంటూరాయనా, ఉన్న ఒక్క అన్నయ్యేనా? తెలుగు ఆ తేడా చూపదు, వినేవాళ్ళకు తెలుసు కాబట్టి. ఇంగ్లీషులో హూకి ముందు కామా పెడితే అన్నయ్య ఎవరో ముందే తెలుసని, గుంటూరు కబురు అదనమని అర్థం. కామా లేకపోతే ఏ అన్నయ్యో తేల్చేది ఆ గుంటూరే. అర్థాన్నే మార్చే ఈ కామాను చాలా తరగతుల్లో ఒక్క నిమిషంలో దాటేస్తారు.

ఇప్పుడు ఇంగ్లీషు వైపు చూద్దాం. హూ, విచ్‌లు ఆ భాషలో మొదటి నుంచీ ఈ పని చేస్తున్నాయని అనుకుంటాం. కాదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో "థె" అనే చిన్న మాట, మనిషికైనా వస్తువుకైనా రూపం మార్చుకోకుండా, ఈ పని చేసేది. తర్వాత దాని చోటును దట్ తీసుకుంది. హూ, విచ్‌లు అప్పటికి ప్రశ్నలు అడిగే మాటలే. లాటిన్, ఫ్రెంచి రాతల ప్రభావం కూడా తోడై, అవి మెల్లగా వాక్యాలను కలిపే పనిలోకి వచ్చాయి. విచ్ ముందు వచ్చింది. హూమ్, హూజ్‌లు కూడా ముందే కుదురుకున్నాయి. కర్త స్థానంలో హూ బాగా స్థిరపడేసరికి 16వ శతాబ్దం అయింది. అప్పటికీ మనుషులకు విచ్ వాడటం పోలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పరలోక ప్రార్థన దేవుణ్ణి "విచ్" అనే పిలుస్తుంది. ఇవాళ ఆ వాక్యం పరీక్షలో రాస్తే ఎర్ర సిరా పడుతుంది.

1711లో రిచర్డ్ స్టీల్ స్పెక్టేటర్ పత్రికలో ఒక వినతిపత్రం రాశాడు. హూ, విచ్‌లు తమ గోడు చెప్పుకుంటున్నట్టుగా సాగుతుంది అది. నిన్నగాక మొన్న వచ్చిన దట్ తమ చోటు లాక్కుందని వాటి ఫిర్యాదు. చరిత్ర సరిగ్గా తలకిందులు. పాత కాపు దట్, కొత్తగా వచ్చినవి హూ, విచ్‌లు. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు వాళ్ళే ఇంతగా పొరబడిన విషయంలో మన తొమ్మిదో తరగతి పిల్లవాడు తికమకపడితే కోప్పడకూడదు.

మన కలం కథకు ముడిపడిన సంగతి ఇంకొకటి ఉంది. నాటకకర్త బెన్ జాన్సన్ పంక్తి ఒకటి "ఫ్రమ్"తో ముగుస్తుంది. 1672లో కవి జాన్ డ్రైడెన్ దాన్ని తప్పుపట్టాడు. అది కూడా రిలేటివ్ క్లాజే, అంటే హూ, విచ్, దట్‌లతో పేరును వర్ణించే వాక్య భాగమే. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో కొంత మెత్తగా చెప్పాడు: మామూలు మాటల్లో అలా ముగించడం ఇంగ్లీషుకు సహజమే, గంభీరమైన రాతలో ప్రిపొజిషన్‌ను (విత్, ఫ్రమ్ లాంటి ముక్కను) ముందుకు తెస్తే బాగుంటుంది. తర్వాతి బడి పుస్తకాల్లో ఈ మెత్తదనం పోయింది. "ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించకూడదు" అనే నిషేధం మిగిలింది, అది మన దాకా వచ్చింది. తన భాషలో "తో" లేకుండానే పని జరిగిపోయే పిల్లవాడికి చివర "విత్" పెట్టకూడదని చెబితే ఏం చేస్తాడు? "విత్ విచ్" అనడం అతని నోటికి అలవాటు లేదు. అసలు దాన్నే వదిలేస్తాడు.

మనకు ఈ పాఠం చేరిన తీరు కూడా చెప్పుకోవాలి. 1890లలో ఉత్తర భారతంలో విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్, తరతరాల పిల్లల చేతుల్లో నలిగాయి. వాటిలో వాక్య సంశ్లేషణ అనే అభ్యాసం ఉంటుంది. అంటే చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయడం. మన "కలిపి రాయండి" ప్రశ్నకు అమ్మమ్మ అదే. ఆ పుస్తకాలను నేను తక్కువ చేయను, ఎన్నో ఇళ్ళలో ఇంగ్లీషుకు అవే దిక్కయ్యాయి. కానీ కలపడం వేరు, చెప్పాలనుకున్న మాటకు ఆ రూపం నోటికి రావడం వేరు.

ఒక్కో వాక్య నిర్మాణాన్ని తేలిక నుంచి కష్టానికి వరుసగా నేర్పే పద్ధతి 1950లలో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ మొదలైంది, ఇవాళ్టి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. ఉపాధ్యాయ శిక్షణ మారింది. పరీక్షలో ఆ ప్రశ్న మాత్రం కదల్లేదు.

పిల్లల రాతల్లో హూ, విచ్‌లు ఎందుకు కనపడవో అర్థం చేసుకోవడానికి పనికొచ్చే పరిశోధన 1974లో అమెరికా నుంచి వచ్చింది. జాక్వెలిన్ షాక్టర్ నాలుగు భాషల విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాల్లో రిలేటివ్ క్లాజులు లెక్కపెట్టింది. పర్షియన్ వాళ్ళవి 174, అరబ్బులవి 154, చైనీయులవి 76, జపనీయులవి 63. తప్పులు మాత్రం పర్షియన్ వాళ్ళవి 43, జపనీయులవి 5. తప్పులే లెక్కపెడితే జపాన్ విద్యార్థులు మేటి. నిజానికి వాళ్ళు ఆ నిర్మాణం జోలికే పోలేదు. జపనీస్‌లో, చైనీస్‌లో వర్ణన ముందు, పేరు వెనక. అచ్చం తెలుగులాగే. ఆ లెక్కల్లో తెలుగు పిల్లలు లేరు. కానీ తప్పుల్లేని, పొట్టి వాక్యాల నోటుబుక్కు చూసినప్పుడల్లా నాకు ఆ 63 గుర్తొస్తుంది. తప్పు లేదని సంతోషించి టిక్కు పెట్టేస్తాం. ఆ పిల్లవాడు తప్పించుకున్నాడని మనకు తెలియదు.

1977లో భాషాశాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ చాలా భాషలు పరిశీలించి, రిలేటివ్ క్లాజుకు లొంగే వాక్య భాగాల వరుస ఒకటి తేల్చారు. కర్త అన్నిటికంటే సులువు, ఆ తర్వాత కర్మ. "తో", "లో", "కోసం" లాంటివి ఇంకా కింద, హూజ్ వాటికీ కింద. మామూలుగా మనం పై మెట్టు నుంచి మొదలుపెడతాం: "ద బాయ్ హూ కేమ్". చాలా తరగతులు ఆ మెట్టు మీదే ఆగిపోతాయి. అయితే 1982లో సూసన్ గ్యాస్ ప్రయోగంలో, ప్రిపొజిషన్ ఉన్న కష్టమైన రకం నేర్చుకున్న విద్యార్థులు, నేర్పని సులువు రకాలను కూడా అందుకున్నారు. 1988లో ఎక్‌మన్ బృందం చేసిన ప్రయోగంలోనూ అదే కనిపించింది.

అందుకే మన తరగతిలో ఈ పాఠం "నేను రాసిన కలం"తో మొదలుకావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. కూర్చున్న కుర్చీ, తాళం వేసిన పెట్టె, ఎదురుచూసిన బస్సు. ఒక్కోటీ తెలుగులో అడిగి, "దేని మీద? దేనితో? దేని కోసం?" అని పిల్లల చేతే చెప్పించాలి. బయటికొచ్చిన ఆ చిన్న ముక్కను ఇంగ్లీషు వాక్యం చివర పెట్టనివ్వాలి: "ద పెన్ ఐ రోట్ విత్". విచ్ లేకపోయినా ఇది సరైన ఇంగ్లీషే. "విత్ విచ్" తర్వాత నేర్చుకోవచ్చు.